పొడి అక్షరాలు

మోంటెవీడియోలో జూలై, చలికాలం.
నదో సముద్రమో తేల్చి చెప్పని నీళ్ళ మీంచి వచ్చే గాలి
కిటికీ సందుల్లో దూరి ఈల వేస్తోంది.
రేవు ఆఫీసు మూడో అంతస్తులో
హిమేనా ఎచెవెర్రి
పాత ప్రోగ్రాముకి కొత్త పేర్లు పెడుతోంది.
నలభై వేల పేర్లు.

ఒంటె మూపుల్లా నడుమ నడుమ లేచే పెద్దబడి అక్షరాల్ని
నేలమట్టం చేసి
మాటకీ మాటకీ మధ్య
కిందగా ఒక గీత గీయాలి. అంతే పని.
పెద్దక్షరం ఎక్కడ కనిపిస్తే అక్కడ కత్తి పెట్టు.

fechaDeSalida చక్కగా తెగింది,
లేత చిక్కుడుకాయ విరిచినట్టు.
ఆ వెనకే వచ్చింది ఇది:

pago_c_a_f_i_v_a

బస్సు రాని స్టాపులో
ఒకరినొకరు ఎరగనట్టు
ఎడంగా నిలబడ్డ ఆరుగురు.

నేను రాస్తున్న ఈ లిపిలో
ఏ అక్షరమూ పక్కదాని కన్నా పైకి లేవదు.
తలకట్టు ఉంటే ఉంటుంది, కిరీటం ఎవరికీ లేదు.
సంధి విడదీయడం మాకు తెలుసు,
లోపించిన అచ్చుని వెతికి తెచ్చి
దాని చోట దాన్ని కూచోబెట్టడం తెలుసు.
కానీ మొత్తం కిరీటాలే అయిన మాటని
ఎక్కడ పట్టుకుని విరవాలి?

హిమేనా రెండో సూత్రం రాసింది.
పెద్దక్షరాలు గుంపుగా వస్తే ముట్టుకోకు,
గుంపు దాటాక చిన్నక్షరం ఏడుస్తుంటే
చివరి పెద్దదాన్ని పిలిచి
దాని చెయ్యి పట్టించు.

ఈసారి: pago_cafiva.

"కఫీవా! ఎవరీ అమ్మాయి?"
పక్క బల్ల నుంచి గాస్తోన్.
నవ్వుకున్నారు.
ఆ పేరుగల గడి మాత్రం పట్టికలో ఎక్కడా లేదు,
ఎవరిదో చెల్లింపు నాలుగు రోజులుగా
సున్నా చూపిస్తోంది.

చివరి మూడూ పన్ను అయి ఉండాలి, ఇవా.
అయితే ముందు మూడూ ఎవరు?
కాక, నాలుగూ రెండూనా?
సూత్రానికి తెలియదు. హిమేనాకీ తెలియదు.
ఆమె పుట్టక ముందే ఎవరో
ఆ రెంటినీ అతికించేసి ఇంటికెళ్ళిపోయారు.

కింద దస్త్రాల గదిలో దోన్ విల్మార్ బెంతాంకోర్,
రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు
చంకలో ఫ్లాస్కు ఇరికించుకుని వస్తాడు,
మాతే గొట్టం నోట్లోంచి తీయడు.
ఆమె కాగితం చాపింది.
ఆయన కళ్ళద్దాలు వెతుక్కోలేదు.

"కాఫ్," అన్నాడు, దగ్గినట్టు.
"సెర్రో గుట్ట దగ్గర మాంసం ఫ్యాక్టరీల వాళ్ళది.
మొదటిది పెట్టె. రెండోది సాయం."

మూడోది?

అడుగంటిన మాతే గురగురలాడింది.
"ఫ్యాక్టరీలనే అనుకుంటా.
మా అమ్మ మాత్రం కుటుంబాలనేది.
ఆ కిటికీ ముందు ఎన్ని శనివారాలు నిలబడిందో,
ఒక్కసారీ అడగలేదు.
డబ్బులు ఇచ్చేవాళ్ళు కదా."

మెట్లెక్కి వచ్చి
సూత్రాలన్నిటికీ కింద
ఆమె ఒక జాబితా తెరిచింది, చేత్తో నింపాల్సింది.
PDF, IVA, ఒక కామా,
CAF.

pago_caf_iva.
తెర మీద పచ్చగా ఒక గీత.
ఎవరిదో సున్నా పోయి, మూడు వేల రెండు వందల పెసోలు.

"వెనక్కి తిప్పి చూడు," అన్నాడు గాస్తోన్.
తిప్పింది. pagoCafIva.
మొదటివాడికే టోపీ,
మిగతా ఇద్దరూ తలలు దించుకున్నారు.
ఒకసారి వంగిన అక్షరానికి
తను నిలబడి ఉండేదన్న సంగతి గుర్తుండదు.

ఆరైంది. దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు.
కోటు సగం తొడుక్కుని, మళ్ళీ కూచుని,
హిమేనా ఆ వరస పైన
యంత్రం చదవని ఒక మాట రాసింది:

సాయం పెట్టె.
మూడో అక్షరం దగ్గర
దోన్ విల్మార్‌కీ వాళ్ళమ్మకీ
పడలేదు.